కల్కి లేని కలియుగం

మా మామయ్య తెనాలిలో తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. మా చెల్లెలు పద్మ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. తను చదివేది మాత్రం ఎక్కువగా లోకం పాడైపోయిన కథలు, ఇంగ్లీషువాళ్లు డిస్టోపియా అనేవి. సంక్రాంతికి అందరం చేరినప్పుడు పద్మ సంచిలోంచి బయటపడ్డ పుస్తకాల మీద మొదలైన వాదన కనుమ నాటికి కూడా తెమల్లేదు. పక్కన కూచుని విన్నంతవరకు రాస్తున్నాను. లేచి వెళ్లిపోయిన చోట్లు, గారెల ప్రస్తావనలు తీసేశాను. నా మొగ్గు ఎటో ఎలాగూ తెలిసిపోతుంది గనక దాచే ప్రయత్నం చెయ్యలేదు.

మామయ్య: నాలుగు పుస్తకాలు తెచ్చావు, నాలుగింట్లోనూ గోడు తప్ప ఇంకేం లేదు. ఒకదాంట్లో మనిషి మొహానికి ఎలుకల బోను తగిలించబోతారు. ఒకదాంట్లో ఇళ్లకి వెళ్లి పుస్తకాలు తగలబెడతారు. ఇంకోదాంట్లో ఆడవాళ్లకి ఎర్రబట్టలు కట్టి, పిల్లల్ని కని ఇమ్మని పెద్దవాళ్ల ఇళ్లకి పంచుతారు. డబ్బిచ్చి కొనుక్కుని, పండక్కి చదువుకునే సరుకేనా ఇది?

పద్మ: నాలుగోదాన్ని మర్చిపోయారు, హక్స్‌లీది. అందులో ఎవరూ ఏడవరు మామయ్యా. దిగులు మొదలయ్యేలోపే సోమ అనే మాత్ర వేసుకుంటారు. రోగాల్లేవు, ముసలితనం పైకి కనపడదు, ఎవరికి కావలసింది వాళ్లకి దొరుకుతుంది. 1932లో వచ్చింది. మిగతా మూడింటికంటే నాకు అదే ఎక్కువ ఇష్టం, అదే ఎక్కువ భయం.

మామయ్య: భయమని నువ్వే అంటున్నావు, ఇష్టమని కూడా నువ్వే అంటున్నావు. ఆ రెంటికీ పొత్తెలా కుదిరింది?

పద్మ: అది మీరే చెప్పాలి. కరుణరసం గురించి మీ ఆలంకారికులు వందల ఏళ్లు కొట్టుకున్నారు కదా.

మామయ్య: కొట్టుకున్నారు. కరుణ ఉత్త దుఃఖమే అయితే జనం దానివైపు ఎందుకొస్తారు, రామాయణం ఎవరు వింటారు అన్నాడు సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు. నాట్యదర్పణం రాసిన రామచంద్ర గుణచంద్రులు అంతకుముందే అడ్డం తిరిగారు. అన్ని రసాలూ ఆనందమే అనడం కుదరదన్నారు. కరుణ, రౌద్ర, బీభత్స, భయానకాలు దుఃఖమే, కవి చాతుర్యానికీ నటుడి నేర్పుకీ మురిసిపోతాం గాని ఆ రసంలో సుఖం లేదన్నారు. నేను వాళ్ల పక్షం. ఇంకో మాట. నాటకానికి అంగిరసంగా, అంటే ప్రధానరసంగా, శృంగారాన్నో వీరాన్నో పెట్టమన్నారు. భయానకాన్ని ఎవరూ పెట్టమనలేదు. మీవాళ్లు దాన్ని తెచ్చి పీట మీద కూచోబెట్టారు.

పద్మ: పీట మీద కూచున్నది భయానకం కాదు. ఒక చిన్న సంగతి చెప్తాను. ఆర్వెల్ ‘1984’ నవల్లో చాక్లెట్ రేషను 30 గ్రాముల నుంచి 20కి తగ్గిస్తారు. మర్నాడే టెలిస్క్రీన్‌లో, రేషను వారానికి 20 గ్రాములకి పెంచినందుకు కృతజ్ఞతగా జనం ఊరేగింపులు తీశారని వార్త. పక్కనున్నవాళ్లంతా నమ్మేస్తారు. నిన్నటి 30 తన ఒక్కడికేనా గుర్తుంది అనుకుంటాడు కథానాయకుడు విన్‌స్టన్. నాకు ఊపిరాడనిది ఆ పది గ్రాముల దగ్గర, ఎలుకల బోను దగ్గర కాదు.

మామయ్య: పది గ్రాముల చాక్లెట్టులో రసం!

పద్మ: అవును. మామూలు నవల్లో ఒకడు కాఫీ తాగాడంటే రచయిత రెండు మాటల మధ్య సందు పూడుస్తున్నాడని అర్థం. ఇక్కడ విన్‌స్టన్ ప్రేమించిన జూలియా అసలు కాఫీపొడి, అసలు పంచదార దాచి తెస్తుంది. ఆ వాసన వీధిలోకి పోతుందేమోనని కిటికీ మూసేస్తారు. అట్‌వుడ్ నవల్లో ఆ ఎర్రబట్టల నాయిక భోజనంలో వచ్చిన వెన్నముక్కని జోడులో దాచుకుని రాత్రి మొహానికి రాసుకుంటుంది. క్రీములు లేవు, ఎవరూ ఇవ్వరు. ఒళ్లు మెత్తగా ఉంచుకున్నంతకాలం, ఎప్పుడో ఎవరో ప్రేమగా ముట్టుకుంటారన్న నమ్మకం పోదు. ఆ ఇంటి యజమాని ఒక రాత్రి రహస్యంగా గదిలోకి రమ్మంటాడు. ఏం జరుగుతుందోనని మనం హడలి చస్తుంటే, స్క్రాబుల్ ఆడదామంటాడు. ఆడది అక్షరం చదవకూడని దేశంలో అక్షరాల బిళ్లలు చేత్తో పట్టుకోవడం! అంత ఒళ్లు జలదరించే సన్నివేశం ప్రేమకథల్లో కూడా నేను చదవలేదు. మా ఇంట్లో ఆ ఆట పెట్టె అటక మీద పడి ఉంది.

మామయ్య: అంటే పక్కవాడి పస్తు చూస్తే గాని నీ అన్నం రుచి నీకు తెలియదన్నమాట. దాన్ని మా కాలంలో సంస్కారమనేవాళ్లు కాదు.

(ఇక్కడ పద్మ కాసేపు మాట్లాడలేదు. రెండు రోజుల వాదనలో మామయ్య కొట్టిన గట్టి దెబ్బ ఇదే అని నాకనిపించింది. పద్మ పుస్తకాల్లాంటివి చదివేవాళ్లలో చాలామందికి ఇది తగులుతుంది కూడా.)

పద్మ: పస్తున్నవాడు పక్కవాడైతే మీరన్నది నిజమే. కాని వీళ్లెవరో చూడండి. విన్‌స్టన్ ఆఫీసుకి వెళ్లి పాత పత్రికల్లో వార్తలూ అంకెలూ దిద్దుతాడు. బాగా దిద్దుతాడు, ఆ పనంటే ఇష్టం కూడా. బ్రాడ్‌బరీ నవల్లో మోంటాగ్ ఫైర్‌స్టేషన్లో ఉద్యోగి, పుస్తకాలు కాల్చడం అతని డ్యూటీ. జమ్యాతిన్ నవల్లో డి-503 అంతరిక్ష నౌక కట్టే ఇంజనీరు. అద్దాల గోడల ఇంట్లో ఉంటూ, ఆ గోడల్ని పొగుడుతూ డైరీ రాస్తాడు. మీరు వీటిని బాధితుల కథలనుకుంటున్నారు. ఇవి జీతగాళ్ల కథలు మామయ్యా. మీలాంటి, నాలాంటి జీతగాళ్ల కథలు.

మామయ్య: జీతగాళ్లే. కాని ప్రతివాడూ తిరగబడతాడా లేదా? నా అసలు అభ్యంతరం అదే. చదివినవాడల్లా తానే విన్‌స్టన్ననుకుంటాడు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టిననాటికి నేను కొత్తగా బళ్లో చేరాను. పత్రికలకి సెన్సారు. వరవరరావు, చెరబండరాజు లాంటి కవుల్ని జైల్లో పెట్టారు. మా స్టాఫ్‌రూములో ఏం మాట్లాడుకునేవాళ్లమో తెలుసా? రైళ్లు టైముకొస్తున్నాయి, గుమాస్తాలు పదింటికల్లా సీట్లో ఉంటున్నారు అని. పద్యానికి అర్థం చెప్పేటప్పుడు గొంతు లేచేది, దీని గురించి లేవలేదు. విన్‌స్టన్ ఒక్కడూ లేడక్కడ.

పద్మ: పార్సన్స్ ఉన్నాడా?

మామయ్య: వాడెవడు?

పద్మ: విన్‌స్టన్ పక్కింటాయన. చందాలు వసూలు చేస్తాడు, జెండాలు కడతాడు, ఎప్పుడూ చెమట్లు కక్కుతూ హుషారుగా ఉంటాడు. ఒక రాత్రి నిద్రలో, ఆ రాజ్యాన్ని ఏలే పెద్దన్నకి వ్యతిరేకంగా ఏదో కలవరిస్తాడు. ఏడేళ్ల కూతురు తలుపు కన్నం దగ్గర విని పోలీసులకి పట్టిస్తుంది. జైలు గదిలో కూచుని ఆయనేమంటాడో తెలుసా? పిల్లని సరిగ్గా పెంచాను, గర్వంగా ఉంది అంటాడు. నేను నవ్వాను. నవ్వాక తెలిసింది, ఆ పుస్తకంలో నేను పార్సన్స్‌నని. మా అపార్ట్‌మెంటులో పండగ చందాల లెక్క నా దగ్గరే ఉంటుంది. వాచ్‌మన్ గది ముందు కెమెరా పెడదామంటే వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు బొటనవేలు బొమ్మ పెట్టింది నేనే. ఇంటర్లో చదివినప్పుడు నేను జూలియానే అనుకున్నాను. ముప్ఫై దాటాక చదివితే ఇది.

మామయ్య: పార్సన్స్ అయితే మా స్టాఫ్‌రూము నిండా ఉన్నారు.

పద్మ: మీరన్న తిరుగుబాటు కూడా చూడండి. విన్‌స్టన్ చివరికి, నన్నొదిలి జూలియాని హింసించండి అంటాడు. డి-503కి ఆపరేషన్ చేసి ఊహాశక్తి తీసేస్తారు. తను ప్రేమించిన మనిషిని గాజు గంట కింద పెట్టి హింసిస్తుంటే ఏలినవారి పక్కన కూచుని చూసి, చూసింది ప్రశాంతంగా రాసుకుంటాడు. అట్‌వుడ్ నాయిక ఇంకా దగ్గరగా తగులుతుంది. నిక్ అనే డ్రైవరు పరిచయమయ్యాక, రహస్య ముఠా వాళ్లు ఏదైనా సమాచారం తెమ్మంటే ఆమెకి మనసొప్పదు. తప్పించుకుపోవాలన్న కోరికే తగ్గిపోతుంది, ఉన్నచోటే సర్దుకుంది. వీరతాడు వెయ్యమని ఎవరూ అడగరు ఈ పుస్తకాల్లో.

మామయ్య: అలాగైతే నీకు దక్కేది ఆత్మనింద. దాంట్లో ఆనందపడడం ఇంకా విడ్డూరం.

పద్మ: నింద కాదు, పట్టుబడడం. డిటెక్టివ్ నవల్లో దొంగ ఎవరో తెలిసినప్పుడు ఎంత హాయిగా ఉంటుంది! ఇక్కడ దొంగని నేనే. రచయిత నన్నెప్పుడూ చూడకుండానే పట్టుకున్నాడు. ఆ నేర్పుకి మురిసిపోవడం మీ గుణచంద్రుడు ఒప్పుకున్నదే కదా.

మామయ్య: గుణచంద్రుణ్ణి నీ సాక్ష్యానికి పిలవకు. బ్రాడ్‌బరీ పుస్తకం సగం చదివాను నిన్న రాత్రి. నచ్చలేదు. ఒక్కటి మాత్రం బాగుంది. పుస్తకాలు కాల్చమని ముందు సర్కారు చెప్పలేదంటాడు ఆ ఫైర్ కెప్టెను. జనమే చదవడం మానేశారు, ఎవరికీ నొప్పి తగలకుండా పుస్తకాల్ని కోసుకుంటూ పోయారు, అగ్గిపెట్టె తర్వాతొచ్చింది అంటాడు.

పద్మ: అది ఎక్కడ రాశాడో తెలుసా? లాస్ ఏంజిలిస్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీ కింద గదిలో. అక్కడ టైపు మిషన్లు అద్దెకుండేవి, అరగంటకి పది సెంట్లు. చిల్లర వేస్తూ రాశాడు. కాసేపు మెట్లెక్కి పైకి వెళ్లి అల్మారాల్లో పుస్తకాలు చూసొచ్చేవాడు. 1953లో అచ్చయింది.

మామయ్య: చిల్లర వేస్తూ రాసినవాడు మాటలు అనవసరంగా పొయ్యడు, మంచిదే. సరే, వీళ్లు కొత్తగా కనిపెట్టిందేముంది? భాగవతం ద్వాదశ స్కంధం తియ్యి. పోతన అనకు, అది వెలిగందల నారయ రాసింది. కలిలో డబ్బే కులం, డబ్బే గుణం అవుతుంది. ఏలేవాళ్లే దోచుకుంటారు, ఆయుర్దాయం తగ్గుతుంది. అన్నీ చెప్పి కల్కిని చెప్పారు. శంభల గ్రామంలో పుడతాడు, గుర్రమెక్కి వస్తాడు, కృతయుగం మళ్లీ మొదలవుతుంది. మీవాళ్లు కలిని ఉంచుకుని కల్కిని కొట్టేశారు. మన సినిమావాళ్లు నయం. 2024లో వచ్చిన ఆ ప్రభాస్ సినిమాలో గంగ ఎండిపోయినా, ఉన్న సంపదంతా పైన కాంప్లెక్సు వాళ్లు మింగేసినా, పేరులోనే కల్కి అని పెట్టారు. టిక్కెట్టు కొన్నవాడికి ముందే అభయహస్తం.

పద్మ: అందుకే అందులో నాకు అశ్వత్థామ కొట్లాటలే గుర్తున్నాయి. నీళ్లు లేని కాశీలో బతకడం ఎలాగో కొంచెమే చూపించారు, నాకు కావలసింది అదే. సింగీతం తీసిన ఆదిత్య 369 సినిమాలో 2504కి వెళ్తే జనం భూమి కింద బతుకుతుంటారు చూడండి, చిన్నప్పుడు ఆ ముక్క దగ్గరే నాకు నిద్ర పట్టలేదు. కృష్ణదేవరాయల ముక్క అందరికీ నచ్చింది. కల్కి వస్తాడని తెలిస్తే మనమేం చేస్తాం మామయ్యా? కూచుంటాం. కాలజ్ఞానం సంగతి చూడండి. ఏం జరిగినా బ్రహ్మంగారు చెప్పినట్టే జరిగిందంటాం. అనేటప్పుడు మొహంలో దిగులుండదు, వెలుగుంటుంది.

మామయ్య: ఆ వెలుగు మీ మొహాల్లో లేదా? ఫోన్లో మొహం చూపిస్తే గాని పంతులికి హాజరు పడని రోజులొచ్చాయని నేనంటే, ఆర్వెల్ అప్పుడే చెప్పాడన్నది ఎవరు? ఆర్వెల్ మీ బ్రహ్మంగారు. రామారావుగారు తీసిన బ్రహ్మంగారి సినిమా ఏ సంవత్సరం వచ్చిందో చెప్పు. 1984!

(నిజమే, ఆ ఏడాది నవంబరులో విడుదలైంది. ఇలాంటి కాకతాళీయం వాదించేవాడికి దొరక్కూడదు. ఆ సాయంత్రమంతా మామయ్య ఏ ప్రశ్నకైనా 1984 అనే జవాబిచ్చారు.)

పద్మ: పంచాంగంలా చదివేవాళ్లున్నారు, కాదనను. కాని ఆర్వెల్ జోస్యం చెప్పలేదు. ఆయన పుట్టింది మన బీహారులో, మోతీహారిలో, 1903లో. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. అంటే సామ్రాజ్యం జీతగాడి కొడుకు. తనూ బర్మాలో పోలీసు ఉద్యోగం చేశాడు. 1941 నుంచి 43 దాకా బీబీసీలో ఇండియాకి రేడియో ప్రసంగాలు తయారుచేశాడు, యుద్ధకాలం సెన్సారు కింద. భార్య ఐలీన్ కూడా కొన్నాళ్లు సెన్సారు ఆఫీసులోనే పనిచేసింది. బాంబులకి కూలిన ఇళ్లు, రేషను కార్డులు, క్యాంటీను కూడు, అన్నీ ఆయన చూసినవే. అట్‌వుడ్ అయితే ఒక నియమం పెట్టుకుంది. మనుషులు ఎక్కడో ఒకచోట అప్పటికే చెయ్యనిది ఒక్కటీ ఈ నవల్లో పెట్టకూడదని. 1984లో పశ్చిమ బెర్లిన్‌లో, ఆ గోడ ఇంకా నిలబడి ఉన్నప్పుడు మొదలుపెట్టింది. ఇవి జరిగిపోయినవి మామయ్యా. ముందు తేదీ వేశారంతే.

మామయ్య: జరిగిపోయినవే అయితే చరిత్ర చదువుకోవచ్చుగా. ముందు తేదీ ఎందుకు?

పద్మ: చరిత్రలో ఎవరు గెలిచారో ముందే తెలుసు. హిట్లర్ పోయాడని తెలిశాక జర్మనీలో నేనుంటే ఎదిరించేవాణ్ణని ఎవడైనా అంటాడు. తేదీ ముందుకి జరిపితే ఆ ధైర్యం పోతుంది. ఏది నెగ్గుతుందో తెలియనప్పుడు నేనెటు ఉంటానన్నది తేలాలి కదా. కల్కి ఉంటే అది తేలదు. వస్తాడని తెలిసి అతని పక్షం చేరడానికి ఏం కావాలి?

(మామయ్య దీనికి వెంటనే జవాబివ్వలేదు. నా లెక్కలో పద్మ గెలిచింది ఇక్కడే. కాని వాదనలు ఆగవలసిన చోట ఆగవు.)

మామయ్య: నీకు తేలింది, బాగుంది. దేశానికి ఏం ఒరిగింది? అమెరికా నిఘా గుట్టు స్నోడెన్ బయటపెట్టినప్పుడు 2013లో ఆర్వెల్ పుస్తకం ఎగబడి కొన్నారు. 2017 జనవరిలో ట్రంప్ గద్దెనెక్కితే మళ్లీ కొన్నారు. కొని అల్మారాలో పెట్టారు.

పద్మ: అల్మారాలో పెట్టలేని చోట్లూ ఉన్నాయి. 2014లో థాయిలాండ్‌లో సైన్యం గద్దెనెక్కాక, బ్యాంకాక్ వీధుల్లో కొందరు ఆ పుస్తకం పట్టుకుని ఊరికే నిలబడి చదివారు. ఒక మాల్ దగ్గర శాండ్‌విచ్ తింటూ చదివినవాణ్ణి పట్టుకెళ్లారు. హంగర్ గేమ్స్ సినిమాలో మూడు వేళ్లెత్తే సైగ ఉంటుంది. అదీ చెయ్యకూడదన్నారు.

మామయ్య: పుస్తకం గొప్పతనమా, సైన్యం మూర్ఖత్వమా అది?

పద్మ: రెండూను. జమ్యాతిన్‌ని చూడండి. జారు కాలంలో బోల్షెవిక్కని జైల్లో వేశారు. విప్లవం నెగ్గాక 1922లో అదే జైల్లో వేశారు, ఈసారి తనవాళ్లు. ‘మేము’ నవల 1920, 21ల్లో రాస్తే సొంత దేశంలో అచ్చు కాలేదు. 1924లో న్యూయార్కులో ఇంగ్లీషులో ముందు వచ్చింది. 1931లో స్టాలిన్‌కి ఉత్తరం రాశాడు, రాయనివ్వకపోవడం నాకు మరణశిక్షతో సమానం, దేశం దాటనివ్వండని. వదిలేశారు. 1937లో పారిస్‌లో బీదతనంలో పోయాడు. నవల రష్యాలో అచ్చయింది 1988లో. ఏమీ ఒరగని కాయితాలకి ఇన్నేళ్లు తాళం వేస్తారా?

మామయ్య: ఆ మనిషి మీద నాకు గౌరవమే. సొంతవాళ్ల జైలు చూసినవాడి మాటకి బరువుంటుంది. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. కల్కి లేడు, తిరగబడ్డవాడు ఓడిపోయాడు. ఆ లోకం అలా ఉండిపోవాల్సిందేనా మీ లెక్కలో?

పద్మ: ఆర్వెల్ నవల చివర భాష గురించి ఒక అనుబంధం ఉంటుంది. చాలామంది చదవరు. అది మొత్తం జరిగిపోయిన కాలంలో రాశాడు, ఆ రాజ్యం ఎప్పుడో ఉండేదన్నట్టు. అమెరికాలో బుక్ క్లబ్బు వాళ్లు అనుబంధాన్నీ, మధ్యలో గోల్డ్‌స్టీన్ అనే పాత్ర పేరుతో వచ్చే పుస్తకం ముక్కనీ తీసేస్తే ప్రచురిస్తామన్నారు. తీసేది లేదన్నాడు. కనీసం 40,000 పౌండ్లు పోతాయని తెలిసే అన్నాడు, క్షయతో మంచాన ఉండి. వాళ్లే దిగొచ్చారు. అట్‌వుడ్ నవల చివర కూడా అంతే. 2195లో ఒక విద్వత్సభ జరుగుతుంది. ఆ గిలియడ్ రాజ్యం ఎప్పుడో అంతరించిపోయింది, దాని మీద పరిశోధనా పత్రాలు చదువుతుంటారు.

మామయ్య: ఆగాగు. అయితే కల్కి ఉన్నాడన్నమాట! ఇంతసేపూ లేడని వాదించి వెనక పేజీల్లో దాచిపెట్టావు.

పద్మ: కల్కి కాదు, ప్రొఫెసర్లు. ఆమె తన కథ చెప్పుకున్న టేపులు దొరుకుతాయి. వాటి మీద సభలో జోకులు వేసి నవ్విస్తారు. గిలియడ్‌ని తొందరపడి తప్పుపట్టకూడదు, అర్థం చేసుకోవడమే మన పని అంటాడు ఒకాయన. ఆమె అసలు పేరు తేల్చుకోలేకపోతారు. ఆ యజమాని ఎవరన్నదాని మీదే వాళ్ల ఆరాటమంతా.

మామయ్య: ప్రొఫెసర్లా! పంతులుగా ముప్ఫై ఏళ్లు చేసినవాణ్ణి, వాళ్లని దగ్గర్నుంచి చూసి చెప్తున్నాను. దానికంటే ఆ గుర్రమెక్కి వచ్చేవాడే నయం.